03/04/2025 ఏ రోజు? డేటాబేస్‌లో ప్రాంతీయ తేదీల లెక్క

హైదరాబాద్‌లో రాసిన బిల్లు మీద 03/04/2025 అని ఉంటే అది ఏప్రిల్ 3. అవే అంకెలు డాలస్‌లో రాసిన ఇన్‌వాయిస్ మీద ఉంటే మార్చి 4. రెండింటికీ మధ్య ఉన్నది 30 రోజులే అయినా, ఆ 30 రోజుల నడుమ భారతదేశపు ఆర్థిక సంవత్సరం మారిపోతుంది. ఏప్రిల్ 3 నాటి బిల్లు 2025-26 ఖాతాలో చేరాలి; దాన్ని మార్చి 4గా చదివిన కంప్యూటరు 2024-25 ఖాతాలో చేరుస్తుంది. బిల్లు నంబరు సరిగ్గానే ఉంటుంది, సొమ్ము సరిగ్గానే ఉంటుంది, తెర మీద ఎక్కడా హెచ్చరిక కనిపించదు. పొరపాటు జరిగిందన్న సంగతి ఏడాది చివర లెక్కలు కలవనప్పుడు బయటపడుతుంది, లేదా ఎప్పటికీ బయటపడదు.

ఈ గందరగోళానికి కచ్చితమైన హద్దు ఉంది. సంవత్సరానికి 12 నెలలే కాబట్టి, రోజు అంకె 12 దాటిన తేదీని తిరగేసి చదవడం సాధ్యం కాదు. 365 రోజుల సంవత్సరంలో రోజు, నెల రెండూ 12కు లోపడి ఉండే తేదీలు 144. వాటిలో 01/01, 02/02 వంటి 12 తేదీలను ఎటు నుంచి చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలు రెండు అర్థాలకూ లొంగుతాయి. రోజు-నెల వరుసను తప్పుగా పట్టుకున్న ప్రోగ్రాము రోజు అంకె 12 దాటిన 221 తేదీల దగ్గర ఆగిపోయి ఎర్రర్ చూపితే అదొక మేలే, ఎవరో ఒకరు చూసి సరిదిద్దుతారు. ఆ 132 తేదీల దగ్గర మాత్రం అది చప్పుడు చేయకుండా మరో రోజును రాసుకుంటుంది. ప్రాంతీయ తేదీల విషయంలో భయపడవలసింది ఎర్రర్‌కు కాదు, ఈ నిశ్శబ్దానికి. అందువల్ల ఏ ప్రోగ్రామునైనా పరీక్షించేటప్పుడు 25/12 వంటి తేదీ ఒక్కటే చాలదు, 03/04 వంటిది కూడా ఇచ్చి, లోపల ఏ నెల నమోదైందో చూడాలి.

అసలు డేటాబేస్ లోపల తేదీ ఏ రూపంలో ఉంటుందన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం చిక్కు వీడుతుంది. తేదీ కోసమే కేటాయించిన డేట్ రకం కాలమ్‌లో గీతలు, చుక్కలు, ముందువెనుకలు ఏవీ ఉండవు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 2000 జనవరి 1 నుంచి ఎన్ని రోజులు గడిచాయన్న ఒక సంఖ్యను 4 బైట్లలో దాచుకుంటుంది. 2025 ఏప్రిల్ 3 దానికి 9224, మార్చి 4 దానికి 9194. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ తమ డేట్ రకానికి 3 బైట్లు చొప్పున వాడతాయి. ఒరాకిల్ 7 బైట్లలో శతాబ్దం, సంవత్సరం, నెల, రోజులతో పాటు గంట, నిమిషం, సెకను కూడా దాస్తుంది. తెర మీద కనబడే 03-04-2025 అన్నది ఆ సంఖ్యకు మనిషి కంటి కోసం తొడిగిన చొక్కా మాత్రమే. కాబట్టి ‘మా డేటాబేస్‌లో తేదీలు రోజు-నెల-సంవత్సరం పద్ధతిలో దాచాలి’ అన్న కోరికకు, డేట్ రకం వాడినంతకాలం, అర్థమే లేదు. పద్ధతి అనేది తేదీ లోపలికి వచ్చేటప్పుడూ, బయటికి వెళ్లేటప్పుడూ మాత్రమే పుడుతుంది. ప్రమాదాలన్నీ ఆ రెండు గుమ్మాల దగ్గరే జరుగుతాయి.

ఆ కోరికను తీర్చుకోవడానికే చాలామంది తేదీలను మామూలు అక్షరాల కాలమ్‌లో పెడతారు. తెర మీద ఎలా కావాలో అలాగే కనిపిస్తుంది గనుక మొదట్లో హాయిగా ఉంటుంది. ఆ తరువాత వరుస పేర్చమంటే 02-01-2019 కన్నా ముందు 01-12-2025 వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే కంప్యూటరు పోల్చేది ఎడమవైపు మొదటి అక్షరాలను. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు జరిగిన అమ్మకాలు చూపమంటే పదేళ్ల నాటి రికార్డులు కూడా కలిసి వస్తాయి. 31-02-2025 అన్న లేని రోజును సైతం ఆ కాలమ్ మారుమాట లేకుండా తీసుకుంటుంది. నెల పేర్లను అక్షరాల్లో రాస్తే ఇంకొక తంటా: జులై, జూలై, ఆగస్టు, ఆగస్ట్, ఏప్రిల్, ఏప్రియల్ అన్నీ వాడుకలో ఉన్నవే, మనిషికి మూడు నెలలే అయినవి డేటాబేస్‌కు ఆరు వేరువేరు మాటలు. అక్షరాల్లోనే దాచక తప్పని చోట, ఉదాహరణకు ప్రత్యేక డేట్ రకమే లేని ఎస్‌క్యూఎల్‌లైట్‌లో, సంవత్సరం-నెల-రోజు వరుస ఒక్కటే పనికొస్తుంది. ఎందుకంటే ఆ రూపంలో అక్షరక్రమమూ కాలక్రమమూ ఒకటవుతాయి. 1988లో వెలువడిన ఐఎస్‌ఓ 8601 ప్రమాణం నిర్దేశించిన రూపం అదే. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా దాన్ని ఐఎస్ 7900 పేరుతో స్వీకరించింది. జపాన్, చైనా, హంగరీ ప్రజలు నిత్యజీవితంలోనే సంవత్సరాన్ని ముందు రాస్తారు కాబట్టి వారికి అది కొత్తగా అనిపించదు. రోజును ముందు రాసే మనకూ, చుక్కలు పెట్టి 03.04.2025 అని రాసే జర్మన్లకూ, నెలను ముందు రాసే అమెరికన్లకూ అలవాటు చేసుకోవలసిన పద్ధతి.

లోపలికి వచ్చే గుమ్మం దగ్గర ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో తీరు, ఇక్కడ కాస్త ఆగి చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లో డేట్‌స్టైల్ అనే సెట్టింగ్ ఉంటుంది. సర్వర్‌ను అమెరికన్ లొకేల్‌తో (భాష, ప్రాంతం సెట్టింగులతో) నెలకొల్పితే అది నెలను ముందు చదివే తీరులో స్థిరపడుతుంది. అప్పుడు 03/04/2025 ఇస్తే మార్చి 4 అవుతుంది. 13/04/2025 ఇస్తే మాత్రం విలువ హద్దు దాటిందని చెప్పి, డేట్‌స్టైల్ మార్చవలసి ఉందేమో చూడమని సూచన కూడా ఇస్తుంది. తిరస్కరించి, కారణం చెప్పే ఈ గుణం మెచ్చదగినది. పైథాన్ భాషలో విరివిగా వాడే డేట్‌యుటిల్ లైబ్రరీ ఇందుకు భిన్నంగా, ఏమీ చెప్పకపోతే 03/04/2025ను మార్చి 4గానూ, 13/04/2025ను ఏప్రిల్ 13గానూ చదువుతుంది. ఒకే ఫైలులోని పక్కపక్క వరుసలకు రెండు పద్ధతులు వర్తింపజేసి, సహాయం చేశాననుకుంటుంది. డేటాబేస్ ఎంత కట్టుదిట్టంగా ఉన్నా, దాని కంటే ముందు ఇలాంటి ఉదారమైన లైబ్రరీ నిలబడి ఉంటే ఆ కట్టుదిట్టం వృథా.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చదివే వరుసను నిర్ణయించేది లాగిన్‌కు కేటాయించిన భాష. అమెరికన్ ఇంగ్లిష్ అయితే నెల ముందు, బ్రిటిష్ ఇంగ్లిష్ అయితే రోజు ముందు. ఇంతవరకు ఊహించదగినదే. ఊహకు అందని సంగతి ఏమిటంటే, పాత డేట్‌టైమ్ రకం కాలమ్‌కు బ్రిటిష్ ఇంగ్లిష్ లాగిన్ నుంచి 2025-04-03 అని పంపితే, సంవత్సరం తరువాత వచ్చేది రోజని భావించి దాన్ని 2025 మార్చి 4గా రాసుకుంటుంది. అందరూ నిరపాయమని నమ్మే ఐఎస్‌ఓ రూపమే అక్కడ మోసపోతుంది. కొత్త డేట్, డేట్‌టైమ్2 రకాలకు ఈ జబ్బు లేదు. పాత రకంతోనే నెట్టుకురావలసిన చోట నడుమ గీతలు లేకుండా 20250403 అని రాయడమే క్షేమం, ఆ రూపాన్ని ఏ భాషా సెట్టింగూ మార్చలేదు. పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు మారేటప్పుడు లాగిన్లను మళ్లీ సృష్టించి భాష సంగతి మరిచిపోతే, ఒక్క అక్షరం మారని ప్రోగ్రాము కూడా మర్నాటి నుంచి తేదీలను తిరగేసి రాయడం మొదలుపెడుతుంది.

ఒరాకిల్‌లో ఆ పెత్తనం భాష, ప్రాంతాలకు సంబంధించిన ఎన్‌ఎల్‌ఎస్ సెట్టింగులది. అవి సెషన్‌ను (డేటాబేస్‌తో ఒక్కో అనుసంధానాన్ని) బట్టి మారతాయి, సెషన్ విలువలు వాడుకరి కంప్యూటరు నుంచి కూడా రావచ్చు. అందుకే ఒకరి డెస్క్ దగ్గర పనిచేసిన క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) పక్క డెస్క్ దగ్గర పనిచేయకపోవడం ఒరాకిల్ వాడేవారికి పరిచితమైన అనుభవం. రోజు, మూడక్షరాల ఇంగ్లిష్ నెల పేరు, రెండంకెల సంవత్సరం అన్న పాత అలవాటు ఇంకా చాలా చోట్ల డిఫాల్ట్‌గా నడుస్తోంది. అప్పటికే తేదీగా ఉన్న విలువను అక్షరాలను తేదీగా మార్చే టు డేట్ ఫంక్షన్‌లో మరొకసారి వేస్తే, అది ముందు ఈ రూపంలోకి అక్షరాలుగా మారి, మళ్లీ తేదీ అవుతుంది. ఆ దారిలో గంటలు, నిమిషాలు రాలిపోతాయి, శతాబ్దం కూడా ఊహగా మిగులుతుంది. టు డేట్‌కు రెండో భాగంగా రూపాన్ని ప్రతిసారీ స్పష్టంగా రాయడం శ్రమ అనిపించవచ్చు గానీ, ఆ శ్రమ తప్పించుకోతగినది కాదు.

మైఎస్‌క్యూఎల్‌కు సంవత్సరం ముందుండాలి, అంతే. ఆ పట్టుదల మంచిదే అయినా రెండంకెల సంవత్సరాన్ని కూడా అది ఒప్పుకుంటుంది కాబట్టి 03-04-25 అని పంపితే 2003 ఏప్రిల్ 25గా నమోదవుతుంది. ఏప్రిల్ 3 అనుకున్నవారికీ, మార్చి 4 అనుకున్నవారికీ కాకుండా మూడో తేదీ పుట్టుకొస్తుంది. చెల్లని విలువను తిప్పికొట్టే కఠిన పద్ధతి లేని పాత సర్వర్లలో చెల్లని తేదీ 0000-00-00గా మారి ఒక హెచ్చరికతో సరిపెట్టుకునేది, 5.7 వెర్షన్ నుంచి కఠిన పద్ధతే డిఫాల్ట్ అయింది. పాత ప్రోగ్రాములు ఆగిపోతున్నాయని ఆ కఠినత్వాన్ని తీసేసే సంస్థలు చెల్లని తేదీలను తామే ఇంటికి పిలుచుకుంటున్నట్టు.

రెండంకెల సంవత్సరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 62లో పుట్టిన పింఛనుదారు రికార్డులో సంవత్సరం ‘62’ అని మాత్రమే ఉంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్ డిఫాల్ట్ హద్దు 2049 కాబట్టి 1962 అంటుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ మాత్రం 69 వరకు ఈ శతాబ్దానికే చేర్చి 2062 అంటాయి. ఒకే ఫైలును రెండు డేటాబేస్‌లలోకి ఎక్కిస్తే ఒకదాంట్లో అరవై దాటినవాడు, మరొకదాంట్లో ఇంకా పుట్టనివాడు. తెలుగువారికి ఈ చిక్కు కొత్తేమీ కాదు. దస్తావేజుల్లో శక సంవత్సరం లేకుండా ‘విశ్వావసు నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 2025-26 కావచ్చు, అరవై ఏళ్ల వెనుకటి 1965-66 కావచ్చు, అంతకు అరవై ఏళ్ల ముందుదీ కావచ్చు. చక్రంలా తిరిగే పేరుకు ఏ చుట్టు అన్నది జతచేయకపోతే కాలం నిలవదు. రెండంకెల సంవత్సరం నూరేళ్ల చక్రం, అంతే తేడా.

తేదీలను పాడు చేసేవాటిలో డేటాబేస్‌ల కన్నా ఎక్కువ పాపం స్ప్రెడ్‌షీట్ల ఖాతాలో ఉంటుంది. సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడదీసిన అక్షరాల ఫైలును) ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే, విండోస్‌లోని ప్రాంతం సెట్టింగ్‌ను బట్టి అది తేదీలను ఊహిస్తుంది. ఆ సెట్టింగ్ అమెరికాదిగా ఉన్న కంప్యూటర్లో మన పద్ధతి ఫైలును తెరిస్తే, రోజు 12 లోపు ఉన్నవి తిరగబడిన తేదీలుగా మారి గడిలో కుడివైపుకు జరుగుతాయి. రోజు 12 దాటినవి అక్షరాలుగానే మిగిలి ఎడమవైపు నిలుస్తాయి. ఒక కాలమ్‌లో సగం అటూ సగం ఇటూ కనబడితే ఆ ఫైలును సేవ్ చేయకుండా మూసేయాలి. ఆర్థిక సంవత్సరాల కాలమ్‌కు కూడా ఇదే గతి: 2011-12ను అది డిసెంబర్ 2011గా మార్చుకుంటుంది, 2012-13ను వదిలేస్తుంది, ఎందుకంటే 13వ నెల లేదు. జన్యువుల పేర్లు సైతం తేదీలుగా మారిపోతుంటే, ఆ పేర్లను ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో కొన్ని జన్యువుల సంకేత నామాలనే మార్చవలసి వచ్చింది. ఫైలును తెరవకుండా, డేటా ట్యాబ్ నుంచి దిగుమతి చేసుకుంటూ ఏ కాలమ్ ఏ రకమో ముందే చెప్పడం దీనికి నమ్మకమైన మార్గం.

లోపలికి తీసుకునే చోట పాటించవలసినది ఇంతకీ చిన్న విషయమే. తేదీ ఎవరి దగ్గర నుంచి వస్తోందో వారి పద్ధతి ఏమిటో ముందే తెలుసుకొని, ఆ పద్ధతిని ప్రోగ్రాములో పేరు పెట్టి రాయాలి. అందులో ఇమడని విలువను నిర్మొహమాటంగా తిప్పికొట్టాలి. ప్రోగ్రాము నుంచి డేటాబేస్‌కు పంపేటప్పుడు తేదీని అక్షరాలుగా అతికించకుండా తేదీ రకం పారామీటర్‌గానే (క్వెరీకి విడిగా అందించే విలువగానే) పంపితే ఏ సెట్టింగ్ ప్రభావమూ దాని మీద పడదు. బయటి ఫైళ్లను నేరుగా అసలు టేబుల్‌లోకి కాకుండా ముందు ఒక తాత్కాలిక టేబుల్‌లోకి, అన్నీ అక్షరాలుగానే, తీసుకొని, పరీక్షించాక మార్చుకోవడం మంచి అలవాటు. వెతికే క్వెరీల్లో కూడా కాలమ్‌ను అక్షరాలుగా మార్చి పోల్చకూడదు. 2025-04-01 నాటికి సమానం లేదా తరువాత, 2026-04-01 కన్నా ముందు అని హద్దులు చెబితే వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ పనిచేస్తుంది, చివరి రోజు సాయంత్రం బిల్లులూ జారిపోవు.

బయటికి వెళ్లే గుమ్మం దగ్గర పని తేలిక, తెలుగుకు ఇక్కడ మంచి ఆధారమే ఉంది. యూనికోడ్ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్ లొకేల్ సమాచారంలో తెలుగు నెలల పేర్లు, వారాల పేర్లు, తేదీ రూపాలు ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌లో నెల పేర్ల భాషను తెలుగుకు మార్చుకునే వీలుంది. అప్పుడు డేట్ ఫార్మాట్ ఫంక్షన్ ‘ఏప్రిల్’ అని తెలుగులోనే ఇస్తుంది. అయితే ఆ సెట్టింగ్ అక్షరాల నుంచి తేదీని చదివే ఫంక్షన్‌కు వర్తించదు. అంటే తెలుగులో చూపగలదు గానీ తెలుగులో రాసినదాన్ని చదవలేదు. తెలుగు అంకెల్లో ౦౩-౦౪-౨౦౨౫ అని ఉన్న పాత రిజిస్టర్లను కంప్యూటరుకెక్కించేటప్పుడు ముందుగా ఆ అంకెలను మార్చే పని ప్రోగ్రామే చేయాలి. రెండు దేశాల వారు చూసే పేజీలో తేదీని 3 ఏప్రిల్ 2025 అని నెల పేరుతో చూపితే సందేహమే రాదు. ఫారం నింపించే చోట రోజుకు, నెలకు వేరువేరు గడులు పెట్టి, నెలను పేరుతో ఎంచుకోనిస్తే ఆ 132 తేదీల గొడవ అక్కడికక్కడే తీరిపోతుంది.

రూపం సరిగ్గా ఉన్నా తేదీ ఒక రోజు జరిగిపోయే సందర్భం మరొకటి ఉంది. పుట్టినరోజును సమయంతో కూడిన కాలమ్‌లో దాస్తే, భారత కాలమానంలో ఆగస్టు 15 అర్ధరాత్రి అన్నది అంతర్జాతీయ కాలమానంలో ఆగస్టు 14 సాయంత్రం 6:30 అవుతుంది. దానిలోంచి తేదీ భాగాన్ని మాత్రమే తీసుకున్న నివేదికలో పుట్టినరోజు 14 అవుతుంది. అమెరికాలో దీనికి అద్దంలో నీడలా ఇంకొకటి జరుగుతుంది: జావాస్క్రిప్ట్ 2025-04-03 అన్న విలువను అంతర్జాతీయ కాలమానపు అర్ధరాత్రిగా చదువుతుంది కాబట్టి అక్కడి తెర మీద ఏప్రిల్ 2 కనిపిస్తుంది. పుట్టినరోజు, బిల్లు తేదీ, సెలవు దినం గడియారంతో సంబంధం లేనివి. వాటికి సమయం లేని డేట్ రకమే తగినది.

పుట్టిన తేదీ తెలియనివారి విషయం ఇంకాస్త లోతైనది. పాత తరంలో పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసినవారు ఎందరో ఉన్నారు. డేట్ కాలమ్ పూర్తి తేదీనే అడుగుతుంది కాబట్టి జనవరి 1 అని నింపేస్తారు, ఆ తరువాత అది నిజమైన జనవరి 1తో కలిసిపోయి విడదీయరానిదవుతుంది. పక్కన ఇంకొక కాలమ్ పెట్టి, తెలిసినది సంవత్సరమేనా, నెల కూడానా, పూర్తి తేదీయా అన్నది నమోదు చేస్తే ఆ నష్టం ఉండదు. తిథుల సంగతీ ఇలాంటిదే. తద్దినం, ఉత్సవం వంటివి తిథిని బట్టి వస్తాయి. ఆ తిథికి తగిలే తేదీ ఏటా మారుతుంది, సూర్యోదయాన్ని బట్టి హైదరాబాద్‌కూ చికాగోకూ ఒక రోజు తేడా రావచ్చు. అందుచేత మాసం, పక్షం, తిథి ప్రత్యేక కాలమ్‌లలో ఉండాలి, ఆయా ఏటి తేదీని ఆ ఊరి పంచాంగం చూసి వేరుగా చేర్చాలి. 1957 మార్చి 22 నుంచి అమలులో ఉన్న జాతీయ శక క్యాలెండర్‌లో 2025 ఏప్రిల్ 3 అన్నది 1947 చైత్రం 13. ఆ 1947ను కాలమ్ పేరు చూడకుండా చదివితే స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమనుకునే వీలుంది గనుక, శక తేదీని దాచే చోట అది శకమని కాలమ్ పేరులోనే చెప్పడం అవసరం.

ఇక ఇప్పటికే పాడైన టేబుల్‌ను బాగుచేయడం. ఇది తొందరపడి చేసే పని కాదు. ఏడాది పొడవునా సమానంగా నమోదయ్యే రికార్డుల్లో నూటికి 60 వరకు 12వ తేదీ తరువాతివై ఉండాలి. అవి ఒక్కటీ లేకుండా అన్నీ 12 లోపే ఉన్నాయంటే కాలమ్ మొత్తం తిరగబడిన వాటితోనే నిండిందని అనుమానించాలి. ఒక్క ఏప్రిల్ నెల బిల్లుల ఫైలు తప్పుగా ఎక్కితే దాని గుర్తు ఇంకా స్పష్టంగా ఉంటుంది: 1 నుంచి 12 వరకు ఉన్న తేదీలు జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4 అంటూ ప్రతి నెలా 4వ తేదీన ప్రత్యక్షమవుతాయి, అందులో ఇంకా రాని నెలలు కూడా ఉంటాయి. రికార్డు సృష్టించిన సమయం విడిగా నమోదై ఉంటే, అంతకన్నా తరువాతి బిల్లు తేదీ అసాధ్యం. బిల్లు నంబర్లు వరుసగా పెరిగేవైతే, ముందువెనుక నంబర్ల తేదీల నడుమ ఇమడని తేదీని తిప్పి చూస్తే ఇముడుతుందా అన్నది మంచి పరీక్ష.

ఈ పరీక్షలన్నీ కొత్తగా చేర్చిన మరో కాలమ్‌లో జరగాలి, పాత కాలమ్‌ను ముట్టుకోకూడదు. రెండు ఆధారాలు ఒకే మాట చెప్పిన రికార్డులను సరిదిద్ది, ఏ ఆధారంతో సరిదిద్దారో పక్కన రాయాలి. ఏ ఆధారమూ దొరకని రికార్డుకు కొత్త కాలమ్‌లో తేదీని ఖాళీగానే ఉంచి, కాగితం బిల్లు పుస్తకాన్ని తెప్పించి చూసేవరకు దాన్ని ఏ ఆర్థిక సంవత్సరం మొత్తంలోనూ కలపకుండా, విడి జాబితాగా నివేదికలో చూపించాలి.